అన్నీ కలిపి ఎంత పడుతుంది?

రాజమండ్రిలో బంగారం కొనడానికి వెళ్ళిన ఏ ఇల్లాలినైనా గమనించండి. బోర్డు మీద గ్రాము రేటు మెరుస్తూ ఉంటుంది. ఆవిడ దానివంక ఓసారి చూస్తుందే తప్ప ఆ అంకెతో లెక్క కట్టదు. గొలుసు చేతిలోకి తీసుకుని బరువు అడుగుతుంది. తరుగెంత, మజూరీ ఎంత, రాళ్ళ బరువు తీసేశారా అని ఆరా తీస్తుంది. కొట్టతను కాలిక్యులేటర్ మీద టకటకా నొక్కుతుంటే మధ్యలోనే ఆపి, "అయ్యన్నీ తర్వాతండీ, అన్నీ కలిపి ఎంత పడుద్దో చెప్పండి" అంటుంది.

లక్ష రూపాయల బంగారం అనుకుందాం. తరుగు, మజూరీ కలిపి పన్నెండు శాతం వేస్తే 1,12,000 అవుతుంది. దానిమీద 3 శాతం జీఎస్టీ 3,360. వెరసి 1,15,360. బోర్డు చూసి సరిగ్గా లక్ష పట్టుకెళ్ళినవాళ్ళు గొలుసు లేకుండానే ఇంటికి రావాలి. మన గోదావరి జిల్లాల్లో అంత అమాయకంగా బంగారం కొట్టు మెట్లెక్కేవాళ్ళు ఎవరూ ఉండరు.

అదే ఇల్లాలు అమెరికాలో కొడుకింటికి వెళ్ళాక మాత్రం, ట్యాగ్ మీద అరవై డాలర్లని ఉంటే సరిగ్గా అరవై తీసి చేత్తో పట్టుకుంటుంది. ఇక్కడ అంత గట్టిగా అడిగిన ప్రశ్న అక్కడ నోటికి రాదు. తెలివి తగ్గలేదు, అలవాటు అడ్డొచ్చింది. ఆ అలవాటు ఎక్కడిదో తెలుసుకుంటే దాన్ని మార్చుకోవడం తేలిక.

అచ్చేసిన అంకె మీద నమ్మకం

సబ్బు, బిస్కెట్ ప్యాకెట్, పళ్ళపేస్టు, ఏది తీసుకున్నా దానిమీద ఎమ్మార్పీ ఉంటుంది. పక్కనే 'అన్ని పన్నులతో కలిపి' అని ఉంటుంది. అంతకంటే రూపాయి ఎక్కువ అడిగితే కొట్టువాడిది తప్పు. ఇది ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటేం కాదు. 1990లో ప్యాకేజీ నిబంధనలు మార్చేవరకూ కంపెనీలు ఒక ధర అచ్చేసి, కింద 'స్థానిక పన్నులు అదనం' అని రాసుకునే వీలుండేది. అప్పట్లో సరుకులు కొన్న పెద్దవాళ్ళకి ఆ ముక్క ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ 'అదనం' ఎంతో కొట్టువాడు చెప్పిందే లెక్క.

ఆ మాటకొస్తే అమ్మకం పన్ను మనకి కొత్తదీ కాదు. దేశంలో మొట్టమొదటి సాధారణ అమ్మకం పన్ను 1939లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చింది. అప్పటికి గోదావరి జిల్లాలు రెండూ ఆ ప్రెసిడెన్సీలోవే. మద్యనిషేధం మొదలుపెట్టిన రాజాజీ ప్రభుత్వం, సారా మీద పోయిన రాబడిని పూడ్చుకోవడానికి అమ్మకాల మీద పన్ను వేసింది. 1957లో ఆంధ్రప్రదేశ్‌కి సొంత అమ్మకం పన్ను చట్టం వచ్చింది. 2005 ఏప్రిల్ 1న వ్యాట్, 2017 జులై 1న జీఎస్టీ. పేర్లు మారుతూ వచ్చాయి గాని పన్ను ఎన్నడూ పోలేదు. ఎమ్మార్పీ వచ్చాక కంటికి కనిపించడం మాత్రం తగ్గింది.

2025 సెప్టెంబరు 22న చాలా సరుకుల మీద జీఎస్టీ తగ్గినప్పుడు, అంతవరకూ తలనూనె మీద ఎంత పన్ను కడుతున్నామో ఎంతమందికి తెలుసు? ధరలోనే కలిసిపోయిన పన్నుని ఎవరూ లెక్కపెట్టరు. ఇందులో సుఖం ఉంది, నష్టమూ ఉంది. సుఖమేమిటంటే కౌంటర్ దగ్గర గుండె గతుక్కుమనదు. నష్టమేమిటంటే అచ్చేసిన అంకె కనిపించగానే అదే ఆఖరి మాట అని మనసు స్థిరపడిపోతుంది. ఈ రెండో అలవాటుతోనే మనం విమానం ఎక్కుతాం.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది?

భీమవరం నుంచి డాలస్ వెళ్ళిన ఒక రిటైర్డ్ మాస్టారిని ఊహించుకోండి. కొడుకూ కోడలూ ఆఫీసుల్లో ఉన్నారు. మాస్టారూ, ఆయన భార్యా దగ్గర్లో ఉన్న స్టోర్‌కి నడుచుకుంటూ వెళ్ళారు. సూట్‌కేసు 60 డాలర్లు. ఊళ్ళో పిల్లలకి చాక్లెట్లు 20. పాలు 4. మాస్టారి జేబులో నాలుగు ఇరవైల నోట్లు, ఒక అయిదు ఉన్నాయి.

"ఎనభై నాలుగు. ఇంకా డాలరు మిగులుద్ది" అన్నారాయన ధీమాగా.

కౌంటర్ దగ్గర అమ్మాయి తొంభై డాలర్ల అరవై సెంట్లు అంది. మాస్టారు మళ్ళీ కూడుకున్నారు. ఎనభై నాలుగే వస్తోంది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అడుగుదామంటే ఇంగ్లీషు తడబడుతుందేమోనని బెరుకు. చాక్లెట్లు పక్కన పెట్టించి, మిగతావి తీసుకుని బయటపడ్డారు. దారి పొడుగునా "మనల్ని చూసి ఎక్కువ వేసిందే" అని భార్యతో అంటూనే ఉన్నారు.

సాయంత్రం కొడుకు ఆ బిల్లు చూసి నవ్వాడు. "మోసమేం లేదు నాన్నగారూ, ట్యాక్సు."

"మరి ట్యాగ్ మీద రాయాలి కదరా!"

"ఇక్కడ రాయరండీ. బిల్లులోనే కలుస్తుంది."

ఆ బిల్లుని మనమూ చూద్దాం. కింద మూడు వరసలున్నాయి. సబ్‌టోటల్ 64.00, ట్యాక్స్ 4.95, టోటల్ 68.95. సూట్‌కేసు పక్కన 'టి' అనే అక్షరం ఉంది, పాల పక్కన లేదు. టి ఉన్నదానికి పన్ను పడింది, లేనిదానికి పడలేదు. ఒక్కో స్టోర్ ఒక్కో గుర్తు వాడుతుంది గాని పద్ధతి ఇదే. డాలస్‌లో అమ్మకం పన్ను 8.25 శాతం. సూట్‌కేసు మీద 4.95, చాక్లెట్ల మీద 1.65. పాలు ఇంటి సరుకుల కింద లెక్క కాబట్టి వాటిమీద ఏమీ లేదు. చాక్లెట్లు కూడా తినేవే అయినా టెక్సస్ వాటిని మిఠాయిల లెక్కలో వేసి పన్ను కట్టించుకుంటుంది. మాస్టారికి తక్కువపడిన అయిదు డాలర్ల అరవై సెంట్ల కథ ఇంతే. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఆయన కూడిక కూడా తప్పు కాదు. కూడాల్సిన వరస ఒకటి ఆయనకి కనిపించలేదు.

ట్యాగ్ మీద ఎందుకు వెయ్యరు?

అమెరికాలో దేశమంతటికీ కలిపి ఒక అమ్మకం పన్ను లేదు. 45 రాష్ట్రాలు దేని పన్ను అది వేసుకుంటాయి. వాటిలో చాలాచోట్ల కౌంటీ, నగరం, రవాణా సంస్థ తలా కాస్త కలుపుతాయి. టెక్సస్ రాష్ట్రం వాటా 6.25 శాతం, స్థానిక సంస్థల వాటా గరిష్ఠంగా 2 శాతం. రెండూ కలిస్తే డాలస్ 8.25. న్యూజెర్సీలో 6.625. న్యూయార్క్ నగరంలో 8.875. కాలిఫోర్నియాలో కనీసం 7.25, ఊరినిబట్టి ఇంకా పైకి పోతుంది. షికాగోలో పది దాటుతుంది. డెలవేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఒరెగన్, అలాస్కా రాష్ట్రాలకి అమ్మకం పన్నే లేదు. అలాస్కాలో మాత్రం కొన్ని ఊళ్ళు సొంతంగా వేసుకుంటాయి.

దేశమంతా కొట్లున్న కంపెనీ టీవీలో ఒకే ధర చెప్పి ప్రకటన ఇవ్వాలంటే పన్ను వదిలేసి చెప్పడమే దానికి తేలిక. పైగా ట్యాగ్ మీద అంకె చిన్నగా కనిపిస్తే అమ్మేవాడికి లాభమే. ఆ పద్ధతికి ఒక న్యాయం కూడా ఉంది. బిల్లు చూసిన ప్రతివాడికీ ప్రభుత్వానికి తానెంత కట్టాడో సెంట్లతో సహా తెలుస్తుంది. పెట్రోలు బంకుల్లో మాత్రం మనలాగే పన్నులన్నీ కలిపిన ధరే బోర్డు మీద ఉంటుంది.

వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్ ఒకటి తీసుకోండి. పోర్ట్‌లాండ్‌లో వెయ్యికే వస్తుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లో 1,066.25. డాలస్‌లో 1,082.50. న్యూయార్క్‌లో 1,088.75. వస్తువు అదే, కంపెనీ అదే, ట్యాగ్ కూడా అదే.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి: ఇక్కడ పన్నెంత? ఊరు మారితే జవాబు మారుతుంది. కచ్చితమైన శాతం తెలియకపోతే ట్యాగ్ ధరలో పదోవంతు కలపండి. అరవైకి ఆరు, ఎనభైకి ఎనిమిది. అమెరికాలో ఎక్కువచోట్ల అసలు బిల్లు మీ అంచనా కన్నా కాస్త తక్కువే వస్తుంది. జేబులో మిగిలితే బాధ లేదు.

రెండు: ఈ వస్తువుకి పన్ను ఉందా? బట్టల మీద న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో పన్ను లేదు. న్యూయార్క్ నగరంలో ఒక్కో బట్ట 110 డాలర్ల లోపైతే లేదు. టెక్సస్‌లో మామూలు రోజుల్లో ఉంది. కానీ ఏటా ఆగస్టులో ఒక వారాంతం వంద డాలర్ల లోపు బట్టలకీ, చెప్పులకీ, స్కూలు బ్యాగులకీ పన్ను తీసేస్తారు. కాకినాడ, భీమవరం కాలేజీల్లో చదువు ముగించుకుని ఎమ్మెస్‌కి వెళ్ళే పిల్లలు చాలామంది అక్కడ దిగేది ఆ రోజుల్లోనే. దిగిన వెంటనే చలికోటు కొనడానికి పరుగెత్తకుండా ఆ తేదీలు కనుక్కుంటే నాలుగు డబ్బులు మిగులుతాయి.

మూడు: పన్ను కాక ఇంకేం కలుస్తాయి? డాలస్ హోటల్లో నలభై డాలర్ల భోజనం చేశారనుకోండి. పన్ను 3.30. వడ్డించినవాళ్ళకి ఇచ్చే టిప్పు అక్కడ మొక్కుబడి వ్యవహారం కాదు, పదిహేను నుంచి ఇరవై శాతం ఇవ్వడం ఆనవాయితీ. ఇరవై వేసుకుంటే 8 డాలర్లు. మొత్తం 51.30. టిప్పుని పన్ను కలపకముందు ఉన్న సబ్‌టోటల్ మీద లెక్కకడితే చాలు. బస చేసే గదికైతే పన్ను వేరు. టెక్సస్‌లో రాష్ట్రానికి 6 శాతం, ఆపైన నగరం వాటా.

నాలుగు: ఇందులో ఏమైనా వెనక్కొస్తుందా? విమానాశ్రయంలో పన్ను వాపసు ఇస్తారని ఎవరో చెప్పగా విని అమెరికాలో బిల్లులన్నీ దాచుకునేవాళ్ళుంటారు. అమెరికా ప్రభుత్వం తరపున అలాంటి ఏర్పాటు లేదు. టెక్సస్ చట్టంలో మాత్రం, దేశం దాటించే సరుకు మీద పన్నుని కస్టమ్స్ బ్రోకర్ల ద్వారా వెనక్కి తీసుకునే వీలుంది. దానికి బిల్లు, పాస్‌పోర్టు, టికెట్టు ఉండాలి. వాళ్ళ రుసుం వాళ్ళు పట్టుకుంటారు.

ఆన్‌లైన్లో కొంటే తప్పించుకోవచ్చు అనే మాట కూడా పాతబడింది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్రంలో కొట్టు లేని కంపెనీ చేత కూడా పన్ను వసూలు చేయించవచ్చని సౌత్ డకోటా కేసులో తీర్పిచ్చింది. ఇప్పుడు పార్సిల్ ఏ చిరునామాకి వస్తే అక్కడి పన్ను పడుతుంది. న్యూజెర్సీలో ఉంటూ డెలవేర్ వెళ్ళి కొనుక్కొచ్చినా, ఆ వస్తువు మీద అమ్మకం పన్నుకి బదులు యూజ్ ట్యాక్స్ (వాడకం పన్ను) కట్టాలని న్యూజెర్సీ చట్టం. అడిగేవాడు లేడు కదా అనుకోవడం వేరు, పన్ను లేదు అనుకోవడం వేరు.

దేశం మారితే లెక్క మారుతుంది

కెనడాలో అమెరికా పద్ధతే. ట్యాగ్ మీద ఒకటి, బిల్లులో ఒకటి. ఆల్బర్టాలో 5 శాతం, ఒంటారియోలో 13 శాతం. ఇంగ్లండులో 20 శాతం వ్యాట్ ధరలోనే ఉంటుంది, కౌంటర్ దగ్గర ఆశ్చర్యమేమీ ఉండదు. అయితే లండన్ కొట్లలో కొని విమానాశ్రయంలో వ్యాట్ వెనక్కి తీసుకునే సదుపాయం 2021 జనవరి 1 నుంచి లేదు. ఎప్పుడో వెళ్ళొచ్చిన బంధువుల సలహా ఇప్పుడు పనికిరాదు. ఆస్ట్రేలియాలో 10 శాతం జీఎస్టీ ధరలోనే ఉంటుంది. ఒకే వ్యాపారి దగ్గర కనీసం 300 డాలర్ల సరుకు బయల్దేరే ముందు అరవై రోజుల్లోపు కొని ఉంటే విమానాశ్రయంలో వెనక్కి ఇస్తారు.

సింగపూర్‌లో 2024 నుంచి జీఎస్టీ 9 శాతం. కొట్లలో ధరలోనే కలిపి ఉంటుంది. హోటల్ మెనూల్లో మాత్రం ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి. ఒకటి పది శాతం సర్వీసు ఛార్జి, రెండోది జీఎస్టీ. ఆ గుర్తులు చూడకుండా ఆర్డరిస్తే ఇరవై డాలర్ల పళ్ళెం దాదాపు ఇరవై నాలుగవుతుంది. సందర్శకులు కొట్లలో వంద డాలర్లు, ఆపైన కొన్నదాని మీద జీఎస్టీ వాపసు అడగవచ్చు.

కోనసీమ నుంచీ పశ్చిమగోదావరి నుంచీ గల్ఫ్ దేశాలకి పనికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. అక్కడ కూడా దేశానికో తీరు. కువైట్, ఖతర్‌లలో వ్యాట్ లేదు. సౌదీలో 2020 జులై నుంచి 15 శాతం. దుబాయ్‌లో 2018 నుంచి 5 శాతం, అది ధరలోనే కలిసి ఉంటుంది. దుబాయ్‌లో సందర్శకులకి వాపసు ఉంది. ఒక కొట్లో కనీసం 250 దిర్హాముల సరుకు కొనాలి, కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి బిల్లుకి వాపసు ట్యాగ్ వేయించుకోవాలి. కట్టిన వ్యాట్‌లో 87 శాతం ఇస్తారు, అందులోనూ ట్యాగ్‌కి 4.80 దిర్హాములు తగ్గిస్తారు. ఇది అక్కడ నివాసముండి పనిచేసేవాళ్ళకి వర్తించదు. చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నలు కొంటే వస్తుంది, అక్కడే ఉద్యోగం చేస్తున్న కొడుకు కొంటే రాదు. నగ కొనేముందు బిల్లు ఎవరి పేరున ఉండాలో ఆలోచించుకోవడం మంచిది.

రూపాయల్లోకి మార్చేటప్పుడు

ట్యాగ్ ధరని డాలర్ రేటుతో గుణించి "ఇండియాలో కంటే ఎంత చవకో!" అని సంబరపడేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. మన దగ్గర ల్యాప్‌టాప్ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. అక్కడి ట్యాగ్‌లో పన్ను లేదు. పోల్చాలంటే రెండువైపులా పన్ను కలిపైనా పోల్చాలి, తీసేసైనా పోల్చాలి.

మీ భారతీయ కార్డు గీకితే విదేశీ మారకం రుసుం కింద బ్యాంకు సాధారణంగా రెండు నుంచి మూడున్నర శాతం వేసుకుంటుంది. ఆ రుసుం మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. కార్డు మిషను "రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా?" అని అడిగితే డాలర్లనే ఎంచుకోండి. రూపాయలంటే మనకి అర్థమయ్యే అంకె కనిపిస్తుంది గాని, మారకం రేటు వాళ్ళిష్టం. ఇంటికొచ్చేటప్పుడు కస్టమ్స్ ఉండనే ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఒక ల్యాప్‌టాప్‌ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఫోన్లు, మిగతా కానుకలు మీకున్న ఉచిత పరిమితిలోకి రావాలి. ఆ పరిమితి మారుతూ ఉంటుంది కాబట్టి బయల్దేరే వారంలో ఒకసారి చూసుకోండి.

మొహమాటం ఖరీదు

లెక్కలు ఎవరైనా నేర్చుకుంటారు. అసలు కష్టం నోరు తెరిచి అడగడంలో ఉంది. రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్లో చీర ధర సగానికి దించేవరకూ కదలనివాళ్ళు, ఏసీ స్టోర్‌లో గాజు తలుపు దాటగానే గొంతు తగ్గించేస్తారు. అడిగితే పల్లెటూరివాళ్ళం అనుకుంటారేమో అని భయం. అక్కడ పుట్టినవాళ్ళు కూడా అడుగుతారు. "విత్ ట్యాక్స్ హౌ మచ్?" అంటే కౌంటర్ మనిషి స్కాన్ చేసి చెప్తుంది. ఎక్కువ అనిపిస్తే ఒక వస్తువు తీసెయ్యమనవచ్చు. రోజుకి ఎంతోమంది ఆ మాట అంటారు, ఎవరూ వింతగా చూడరు. మనంతట మనమే స్కాన్ చేసుకునే మిషన్ల దగ్గరైతే కట్టేముందే మొత్తం తెర మీద కనిపిస్తుంది. కొత్తవాళ్ళకి అదే నయం.

అడగనివాళ్ళకి రెండు నష్టాలు. డబ్బు సంగతి సరే, దానికంటే పెద్దది అనుమానం. మన మాస్టారికి పోయింది చాక్లెట్లే అయినా, ఇంటిదాకా మోసపోయానన్న కోపం మోశారు. ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ సాయంత్రం హాయిగా గడిచేది.

ఆచరణ

వెళ్ళబోయే ఊరి పన్ను శాతం, పన్ను లేని వస్తువులు, వాపసు నిబంధనలు ఒక కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టుతోపాటు పెట్టుకోండి. కొనాల్సినవాటి జాబితా రాసేటప్పుడు ట్యాగ్ ధర పక్కన పదోవంతు కలిపిన ధర కూడా రాయండి. బడ్జెట్ వేసుకునేది ఆ రెండో అంకెతోనే. మొదటి నాలుగు బిల్లులు పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకుని దేనికి పన్ను పడిందో, దేనికి పడలేదో చూసుకోండి. ఆ తరవాత మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ అలవాటు ఇక్కడ కూడా పనికొస్తుంది. కారు ఎక్స్‌షోరూమ్ ధర, టైల్స్ కొటేషన్ కింద చిన్నక్షరాల్లో ఉండే 'జీఎస్టీ అదనం', కల్యాణమండపం అద్దె, అన్నిట్లోనూ పైకి చెప్పే అంకె ఒకటి, చివర్లో కట్టేది ఇంకొకటి. అడ్వాన్సు ఇచ్చేముందే మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి ఒక మాట. అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారంలోనే వాళ్ళని స్టోర్‌కి తీసుకెళ్ళి, ఒక బిల్లు చేతికిచ్చి, మూడు వరసలూ చూపించండి. చేతికి డబ్బిచ్చేటప్పుడు పన్ను కూడా లెక్కేసి ఇవ్వండి. వాళ్ళు మిమ్మల్ని అడగడానికి కూడా మొహమాటపడతారు.